మాటకు కణుపు చూపిన టీచరమ్మ

మా టీచరమ్మ పోయిందన్న కబురు నాకు వార్డులో పొద్దున మందులు ఇస్తుండగా అందింది. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు. "చాయ్ తాగింది బిడ్డా. గ్లాసు కింద పెట్టి మంచం మీద ఒరిగింది. మళ్ళ లేపితే లెవ్వలే" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. నాకూ అప్పుడే ఏడుపు రాలేదు. ట్రేలో ఇంకా కొందరి మందులు మిగిలి ఉన్నాయి. అవి ఇచ్చేసి, డ్యూటీ తోటి సిస్టర్‌కి అప్పగించి, ఆసుపత్రి నుంచి వాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళాను.

భద్రాచలంలో ఆమెను చాలామంది 'నార్వే మేడం' అనేవాళ్ళు. నార్వే ఎక్కడుందో ఇక్కడ ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లో ఆమె అక్కడికి వెళ్ళింది. భర్త ఓడలు కట్టే యార్డులో వెల్డర్. ఆమె ఒక వృద్ధాశ్రమంలో గదులు తుడిచే పనిలో చేరి, భాష నేర్చుకొని, అక్కడే నర్సింగ్ చదివి, రిటైరయ్యేదాకా అదే ఆశ్రమంలో నర్సుగా చేసింది. పిల్లలు లేరు. భర్త పోయాక ఇండియాకు తిరిగి వచ్చి, భద్రాచలంలో చెల్లెలి ఇంటి కింది వాటాలో కిరాయికి దిగింది. ఊరికే కూర్చోలేక, విదేశాలకు వెళ్ళాలనుకునే నర్సు అమ్మాయిలకు నార్వే భాష చెప్పడం మొదలుపెట్టింది.

నేనూ, దర్జీ వాళ్ళ అమ్మాయి ఒకే రోజు చేరాం. ఇద్దరం ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో పనిచేసేవాళ్ళం. ఆ పిల్ల వాళ్ళ నాన్నకి మార్కెట్ దగ్గర టైలరింగ్ షాపు ఉంది, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. మాది దుమ్ముగూడెం అవతల అడవిలో ఊరు, ఇంట్లో కోయ మాట్లాడతాం. మొదటి రోజు టీచరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మీ ఇంట్ల ఏం మాట్లాడతరు?"

"కోయ, మేడం."

"మరి ఈ తెలుగు?"

"బళ్ళె నేర్చుకున్న."

"అయితే నీకు చెవి ఉంది. ఒక భాష ఏడ్చుకుంట నేర్చుకున్నోళ్ళకి రెండోది సగమే బరువు" అంది. మా ఊరి భాష చెప్పినప్పుడు ఎదుటివాళ్ళ ముఖంలో కనిపించే జాలి ఆమె ముఖంలో కనిపించలేదు. అందుకే రెండో రోజు కూడా వెళ్ళాను.

ఆమెకు కొన్ని వింత అలవాట్లు ఉండేవి. సాయంత్రం నాలుగింటికే రాత్రి భోజనం చేసేది. అక్కడ అలాగే తింటారట. ఉడికించిన ఆలుగడ్డ, చేప, పక్కన ఇంత ఊరమిరపకాయ. మేం ఐదింటికి క్లాసుకు వెళ్ళేసరికి గిన్నెలు కూడా కడిగి బోర్లించి ఉండేవి. ఆలస్యంగా వస్తే తలుపు తీసేది కాదు. ఒకసారి వానలో తడిసి వచ్చినా తీయలేదు. కిటికీలోంచి తువ్వాలు మాత్రం ఇచ్చింది. "తల తుడుచుకో. రేపు జల్దీ రా" అంది. నాకు చాలా కోపం వచ్చింది. మరుసటి రోజు అందరికంటే ముందు వెళ్ళాను.

నార్వే భాషలో మాటల్ని ఒకదానికొకటి అతికించి పొడుగు మాటలు చేస్తారు. రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అది పెద్ద తలనొప్పి. పుస్తకంలో ఒక పొడుగు మాట కనబడగానే మేం ఎక్కడ పడితే అక్కడ ఊపిరి తీసుకునేవాళ్ళం. టీచరమ్మ ఆపింది.

"ఇంటిపేరు అంటం గద. ఇల్లుపేరు అని ఎందుకు అనం?"

రెండూ పుస్తకం అంచున రాసి చూశాం. ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఇల్లు పోయి ఇంటి అయింది. ఆ 'టి' ఎవరిది? ఇంటిదా, పేరుదా?"

"ఇంటిదే మేడం."

"అవ్. వాళ్ళకి గూడ గట్లనే నడుమ ఒక 'స్' వస్తది. ఊరిని వాళ్ళు లాన్స్‌బీ అంటరు. ఆ 'స్' ముందు మాటది. లాన్స్ ఒకటి, బీ ఒకటి. నువ్వు లాన్ అని ఆగి స్బీ అన్నవనుకో, వాడు నీ మొకం చూస్తడు." తర్వాత నా వైపు తిరిగి, "మీ ఊళ్ళె వెదురు ఏడ కొడతరు?" అని అడిగింది.

"కణుపు కాడ."

"మాట గూడ అంతే. కణుపు కాడ కొట్టాలె. నడుమ కొడితే చీలిపోతది."

ఆ తర్వాత వారమంతా మాకు అదే పని. ఏ మాట ఇచ్చినా కణుపు ఎక్కడుందో వేలితో చూపించాలి. వరుస చివర మాట విరిగి కింది వరుసలోకి పోయేటప్పుడు కూడా అక్కడే విరగాలి. రాయడంలో అది వచ్చాక పలకడం మొదలుపెట్టింది. అతికిన మాటలో మొదటి మాట మీద బరువు వేయాలి, వెనక మాట తేలికగా పోవాలి. మేం తెలుగులోలాగా అన్ని అక్షరాలకూ బరువు సమానంగా పెట్టి పలికేవాళ్ళం. ఆమె బల్ల మీద మెటికలతో కొట్టేది. ముందు గట్టిగా, తర్వాత మెల్లగా. "ముందు కాలు గట్టిగ వెయ్యి. వెనక కాలు దానంతట అదే వస్తది" అనేది.

ఆసుపత్రిని వాళ్ళు సీకెహూస్ అంటారు. సీకె అంటే జబ్బుపడినవాళ్ళు, హూస్ అంటే ఇల్లు. అది చెప్పగానే దర్జీ వాళ్ళ అమ్మాయి లేచి, "మేడం, దవాఖానా గూడ గంతే గద! దవా అంటే మందు, ఖానా అంటే ఇల్లు" అంది. టీచరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "ఇన్నేండ్లు దవాఖానా అన్న. ఇల్లు అని నాకెన్నడు తట్టలే" అని నవ్వింది. నాయనమ్మకు ఫార్‌మూర్, అమ్మమ్మకు మూర్‌మూర్ అని చెప్పిన రోజు మేమే నవ్వాం. అక్కడి వాళ్ళు కూడా నాయననూ అమ్మనూ కలిపి నాయనమ్మ అంటారని తెలిసి ఆ దేశం కొంచెం దగ్గరికి జరిగినట్టు అనిపించింది.

ఈ బరువు సంగతి ఆమె ఎందుకంత పట్టుగా చెప్పేదో ఒకసారి అడిగాం. అప్పుడు తన కథ చెప్పింది.

ఆశ్రమంలో చేరిన కొత్త. ఆదివారం మధ్యాహ్నం భోజనంలో గొర్రెపిల్ల తొడ మాంసం చేశారు. దాన్ని లామ్మెలోర్ అంటారు. గదిలో ఉన్న ముసలాయనకు ఈమె ఆ మాట చెప్పాలి. ఆయన జీవితమంతా చేపల పడవల మీద పనిచేసినవాడు. ఈమె మన పద్ధతిలో మాటను రెండు ముక్కలు చేసి, వెనక ముక్క మీద బరువు వేసి చెప్పింది. అట్లా చెబితే అది గొర్రెపిల్ల తొడ కాదు, పడిపోయిన తొడలు.

"ఇయ్యాల నీకు తొడలు పడిపోతయి అని చెప్పిన నేను. అదీ నవ్వుకుంట చెప్పిన. పాపం, ఆయన చేతిల పేపరు కింద పడేసి రెండు కాళ్ళు ఆడించి చూసుకున్నడు. తర్వాత లేచి నిలబడ్డడు. నాకు పానం పోయింది, ఈయన ఎందుకు లేస్తుండో అని."

వంటగది నుంచి ట్రే వచ్చాక ముసలాయనకు విషయం అర్థమైంది. కోప్పడలేదు. ఆ రోజు నుంచి ఆయనే ఆమెకు గురువు. చేతికర్రతో నేల మీద గట్టిగా ఒకటి, మెల్లగా ఒకటి కొట్టి మాటలు పలికించేవాడు. "నేను నర్సునయిన అంటే ఆ కర్ర పుణ్యమే" అనేది టీచరమ్మ. మాకు నవ్వు ఆగలేదు గానీ ఆమె మాత్రం నవ్వకుండా ఒక మాట చెప్పింది. "జబ్బుల ఉన్న మనిషికి సగం మాట చెప్పద్దు. తప్పు మాట అసలే చెప్పద్దు. ఆయన నీ నోటి దిక్కు చూస్తుంటడు."

ఆమెతో ఒకసారి పర్ణశాల వెళ్ళాం. గుడి చూడటానికి అనుకున్నాం, బస్సులో కూడా పాఠమే. దారి పొడుగునా బోర్డుల మీద ఊరి పేరు కనబడితే కణుపు చెప్పమనేది. భద్రాచలం ఏంది? భద్రుడి అచలం, కొండ. పర్ణశాల ఏంది? ఆకుల ఇల్లు. "నార్వేవాడికి చెప్పాలంటే?" అంది. మేం తడుముకున్నాం. లోవ్ అంటే ఆకులు, హిత్తె అంటే గుడిసె అని మాకు వచ్చు. రెండూ కలిపి, ముందు కాలు గట్టిగా వేసి, "లోవ్‌హిత్తె" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. ముందు సీట్లో ఉన్న యాత్రికులు వెనక్కి తిరిగి చూశారు. కండక్టర్ వచ్చి, "ఏం భాష మేడం?" అని అడిగాడు. "పర్ణశాలనే తమ్ముడూ. జర దూరం నుంచి పిలుస్తున్నం" అంది.

తర్వాతి ఎండాకాలంలో ఒక ఆదివారం ఆ సంగతి జరిగింది.

పరీక్ష దగ్గర పడిందని మధ్యాహ్నం కూడా క్లాసు పెట్టింది. నేను రోగిగా, దర్జీ వాళ్ళ అమ్మాయి నర్సుగా మాట్లాడుతున్నాం. టీచరమ్మ మధ్యలో ఒక వాక్యం సరిచేస్తూ సీకెహూస్ అనాల్సిన చోట బరువును వెనక్కి వేసి, హూస్ మీద నొక్కి పలికింది. అప్పుడప్పుడు ఆమె కావాలని తప్పు పలికి, మేం పట్టుకుంటామో లేదో చూసేది. అందుకని నేను నవ్వి, "మేడం, తప్పు" అన్నాను. ఆమె కూడా నవ్వబోయింది. మళ్ళీ పలికింది. మళ్ళీ అదే తప్పు. ఈసారి రెండు ముక్కల మధ్య ఆగింది కూడా. ముఖంలో తనకే ఏదో అర్థం కానట్టు కనిపించింది. బల్ల మీద కొట్టి చూపించాలనుకుంది. కుడి చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

నేను కుర్చీలోంచి లేచాను. "మేడం, ఒకసారి నవ్వుండ్రి" అన్నాను. సగం ముఖమే నవ్వింది.

దర్జీ వాళ్ళ అమ్మాయి పైకి పరుగెత్తి చెల్లెల్ని పిలుచుకొచ్చింది. నేను గడియారం చూసి, మొదటి తప్పు ఎప్పుడు పలికిందో గుర్తుపెట్టుకున్నాను. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు చూసి వెంటనే అంబులెన్సులో ఖమ్మం పంపించాడు. అడవి దారి, కొత్తగూడెం దాటేదాకా నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఆమె మెలకువగానే ఉంది. నా చెయ్యి ఎడమ చేత్తో పట్టుకొని ఏదో చెప్పాలని చూసింది. "అదే... అదే..." అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు. చెల్లెలు ఎదురుగా కూర్చొని, "మాట్లాడకక్కా, జర ఊకో" అంటూ ఆమె పాదాలు రుద్దుతూనే ఉంది.

ఖమ్మంలో డాక్టరు మొదట అడిగింది, ఇది మొదలై ఎంతసేపైంది అని. నేను టైము చెప్పాను. "కచ్చితంగా చెప్తున్నవా?" అన్నాడు. "అవ్ సార్, అంతకు ముందు మాట సరిగ్గనే పలికింది. నేను విన్న" అన్నాను. పక్షవాతమే. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి గడువు ఇంకా ఉంది. ఇచ్చారు. ప్రాణం నిలబడింది. కాలు కొంత, చెయ్యి కొంత తిరిగొచ్చాయి. మాట మాత్రం రాలేదు.

అన్నీ అర్థమయ్యేవి. మనుషుల్ని గుర్తుపట్టేది. తెలుగులో అడిగినా నార్వే భాషలో అడిగినా తల ఊపేది. చెప్పబోతే మాత్రం "అదే" అన్నదొక్కటే. దానితో ఆమెకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఒకరోజు పళ్ళెం నేలకేసి కొట్టింది. చెల్లెలు బయటికి వచ్చి వరండాలో నాతో, "మాటలు చెప్పి బతికిన మనిషి బిడ్డా. దేవుడు కాలో చెయ్యో తీసుకోవద్దా?" అని అప్పుడు ఏడ్చింది.

ఖమ్మంలో మాట నేర్పే థెరపిస్టు ఒకామె ఒక దారి చెప్పింది. కొందరికి మాట రాకపోయినా తాళం మిగిలి ఉంటుందట. ఎడమ చేత్తో తాళం వేయిస్తూ, కొంచెం రాగం తీస్తూ పలికిస్తే కొన్నిసార్లు మాట దాని వెంట వస్తుందట. ఆ పని ఇంటి దగ్గర రోజూ చేయాలి. డ్యూటీ దిగాక నేను వెళ్ళేదాన్ని. ఒకసారి ఆమె వంటగది వైపు చూపించి "అదే, అదే" అంటోంది. నీళ్ళు కాదు, చాయ్ కాదు. మజ్జిగ అని నాకు తట్టింది. ఆమె ఎడమ చెయ్యి నా చేతిలోకి తీసుకొని బల్ల మీద కొట్టించాను. గట్టిగా ఒకటి, మెల్లగా రెండు. "మజ్-జి-గ." మళ్ళీ. మళ్ళీ. ఆమె పెదవులు కదిలాయి. "మజ్" అంది. కాసేపు ఆగి, "జిగ" అంది.

చెల్లెలు గ్లాసు నిండా తెచ్చి ఇచ్చింది. ఆమె తాగకుండా గ్లాసు పట్టుకొని, మళ్ళీ తనే బల్ల మీద కొట్టుకుంటూ, "మజ్జిగ" అంది. ఇంకోసారి అంది. అన్న ప్రతిసారీ గ్లాసులోంచి కొంచెం ఒలికింది, ఎవరమూ తుడవలేదు.

అలా ఒక్కో మాటే వచ్చింది. అన్నం, కిటికీ, చెల్లె. తెలుగు తిరిగొచ్చింది గానీ నార్వే బరువుతో వచ్చింది. ప్రతి మాటకూ ముందు భాగం మీద దబ్బున నొక్కేది. చెల్లెలు ఇరుగుపొరుగుకు, "మా అక్క ఇన్నేండ్లు అక్కడుండి రాంగ గూడ గిట్ల మాట్లాడలే. ఇప్పుడు తెల్లోళ్ళ లెక్క మాట్లాడుతుంది" అని చెప్పేది. టీచరమ్మ వినేది, మూతి ఒక పక్కకు పెట్టి నవ్వేది.

క్లాసు మళ్ళీ మొదలైంది. పుస్తకం మేం చదివేవాళ్ళం, ఆమె కూర్చొని వినేది. తప్పు వచ్చిన చోట ఎడమ చేత్తో బల్ల మీద కొట్టేది. అంతే. ఇదివరకటికంటే ఎక్కువ భయంగా ఉండేది మాకు, ఎందుకంటే తప్పేమిటో విడమర్చి చెప్పేంత మాట ఆమెకు ఇంకా రాలేదు. తలుపు మాత్రం ఆలస్యంగా వచ్చినవాళ్ళకీ తీసేది.

మేమిద్దరం పరీక్ష పాసయ్యాం. దర్జీ వాళ్ళ అమ్మాయి వెళ్ళింది. నాకు అదే సమయంలో ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. మా అమ్మ, మా ఊరివాళ్ళు జ్వరాలతో వచ్చేది ఆ ఆసుపత్రికే. చాలా రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. చివరికి ఉండిపోదామని నిర్ణయించుకొని, టీచరమ్మకు చెప్పడానికి భయపడుతూ వెళ్ళాను. ఆమె నాకోసం పడ్డ కష్టమంతా వృథా అయిందంటుందేమో అనుకున్నాను.

ఆమె చాలాసేపు మాట కోసం వెతికింది. బల్ల మీద వేళ్ళు కదిలాయి. "ఈడ గూడ... రోగులు... మాట్లాడతరు" అంది.

ఆ మాట నాకు ఉద్యోగంలో చాలాసార్లు పనికొచ్చింది. చర్ల వైపు నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు, మగతగా ఉన్నాడు. ఏం తాగాడని అడిగితే కొడుకు "నల్ల మందు" అన్నాడు. వాళ్ళకు తెలుగు అంతంతమాత్రం. కొత్తగా చేరిన సిస్టర్ నల్లమందు అని రాయబోయింది. నేను మాత్రం ఆ రెండు మాటల మధ్య చిన్న ఎడం విన్నాను. కోయలో మళ్ళీ అడిగాను. ఊళ్ళో ఎవరో ఇచ్చిన నల్లటి కషాయం అది, నల్లమందు అనే మత్తుమందు కాదు. సీసా తెప్పించి డాక్టరుకు చూపించాం. ఆయన వైద్యం అటువైపు మళ్ళించాడు. పెద్దాయన నడిచి ఇంటికి వెళ్ళాడు. ఆ సాయంత్రం టీచరమ్మకు ఈ సంగతి చెబితే, "నల్లమందు... నల్ల, మందు" అని రెండు రకాలుగానూ కొట్టి చూసుకుంది. బాగా నచ్చిందేమో, చెల్లెల్ని పిలిచి మళ్ళీ నా చేత చెప్పించింది.

దర్జీ వాళ్ళ అమ్మాయి నార్వే నుంచి వారం వారం వీడియో కాల్ చేసేది. అక్కడ ఆశ్రమంలో ముసలివాళ్ళు తన మాట రెండోసారి అడగకుండా అర్థం చేసుకుంటున్నారని చెప్పింది. టీచరమ్మ ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకొని, "తిన్నవా?" అని మాత్రం అడిగేది. ఆ మాట ఎప్పుడూ పూర్తిగానే వచ్చేది.

రెండోసారి వచ్చిన పక్షవాతం దెబ్బకు మాకు ఎవరికీ టైము దొరకలేదు. పొద్దున చాయ్ తాగిన మనిషి పదింటికి లేదు. గోదావరి ఒడ్డున సాయంత్రం కార్యం జరిగింది. క్లాసుకు వచ్చే అమ్మాయిలు యూనిఫారాలతోనే వచ్చారు. దర్జీ వాళ్ళ నాన్న షాపు మూసి వచ్చి, చివరిదాకా నిలబడ్డాడు. నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి, ఇసుక మీద చాలా దూరం నడవాల్సి వచ్చింది.

దినం అయ్యాక చెల్లెలు నన్ను పిలిచి, "అక్క పెట్టె సర్దుతున్న, నువ్వేమన్న గుర్తుకు తీస్కో బిడ్డా" అంది. చీరల అడుగున ఉన్నితో అల్లిన చేతి తొడుగుల జత ఒకటి ఉంది. ముదురు ఎరుపు, మణికట్టు దగ్గర తెల్లని చుక్కలు. మంచు దేశంలో వేసుకునేవి. ఒక బొటనవేలు చిరిగితే వేరే రంగు ఉన్నితో కుట్టుకుంది. నాఫ్తలీన్ వాసన వేస్తున్నాయి. అవి తెచ్చుకున్నాను.

మరునాడు సెలవు. సబ్బునీళ్ళలో ముంచి, పిండి, మా పెరట్లో తీగ మీద ఆరేశాను. ఎండ మండిపోతోంది. పక్కనే వేసిన నా యూనిఫారం చూస్తుండగానే గంజి పెట్టినట్టు బిగుసుకుపోయింది. తువ్వాళ్ళు ఆరాయి, దుప్పటి కూడా ఆరింది. మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ వచ్చి చూస్తే, ఆ ఎర్ర తొడుగులు రెండూ ఇంకా బరువుగా వేలాడుతున్నాయి. వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు ఒక్కో చుక్కగా నేల మీద పడుతున్నాయి. పడిన చోట మట్టి కొంచెం చల్లబడినట్టుంది, మా కోడి ఒకటి వచ్చి అక్కడ రెక్కలు పరుచుకొని పడుకుంది.